పేరు కొట్టని టైపిస్టు

పెద్దకర్మ కార్డు చూసి నవ్విన మనిషి మా వీధిలో నేనొక్కడినే అయ్యుంటాను. గురజాల నుంచి కరీం ఫోనులో పంపించాడు ఆ కార్డు. పైన దీపం బొమ్మ, మధ్యలో ఒకప్పుడు నాతో పనిచేసిన ఆవిడ ఫొటో, ఫొటో కింద ఆవిడ పేరు చిన్న అక్షరాల్లో. దాని కింద ‘వారి ధర్మపత్ని’ అని వేసి, ఆ వారెవరో వేలెడేసి అక్షరాల్లో అచ్చు కొట్టారు. ప్రెస్సువాడికేం తెలుసు పాపం! ఆ పేరు తన వేళ్ళ మీదుగా పోకుండా ఉండటానికి ఆవిడ ఒక ఫ్యాక్టరీని ఫ్యాక్టరీనే తిప్పలు పెట్టిందని వాడికి చెప్పేవాళ్ళెవరు? నాకు నవ్వాగలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “చావు కబురుకు నవ్వేదేంది? మతి గాని పోయిందా?” అంది. తర్వాత ఫొటో పోల్చుకుని తనూ నవ్వింది. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం.

ఆవిడ పేరు గాని, వాళ్ళాయన పేరు గాని నేనిక్కడ రాయను. ఆయనది ఏడుకొండల మీద ఉండే దేవుడి పేరు అంటే చాలు. మా గుంటూరు జిల్లాలో ఆ పేరున్న మగాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు.

ఎనభైల చివర్లో నేనూ ఆవిడా నడికుడి దాటాక ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాం. నేను కంప్యూటర్ ఇంజినీరుని, కొత్తగా చేరినవాణ్ణి, ప్రొబేషను. ఆవిడ అప్పటికి ఆరేళ్ళుగా టెంపరరీ ఆపరేటరు. మూడు నెలలకోసారి పొడిగింపు కాయితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అంతకు ముందు ఒక కోర్టు వరండాలో కూర్చుని అర్జీలు, అఫిడవిట్లు టైపు కొట్టేది. మా కరీం జనరేటరు, ఏసీ చూసుకునే మెకానిక్కు. ఆవిణ్ణి అక్కా అనేవాడు. అతన్ని చూసి ఫ్యాక్టరీ అంతా అక్కా అనేది, నాతో సహా.

మాకు మూడు మిషన్లు ఉండేవి, మూడూ యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచేవి. ఆఫీసు ఏసీ గదిలో పెద్దది, ల్యాబులో ఒకటి, బస్తాలు నింపి లారీలకు ఎక్కించే ప్యాకింగులో ఒకటి. మూడింటినీ కలుపుతూ బొటనవేలంత లావు పసుప్పచ్చ కేబులు. పెట్టిన రోజున జీఎంగారు పంతుల్ని పిలిపించి, గుమ్మడికాయ కొట్టించి, మిషన్లకు దేవుళ్ళ పేర్లు పెట్టారట. ఆఫీసుది వినాయకుడు, ల్యాబుది దుర్గ, ప్యాకింగుది కొండమీదాయన. మిషన్లకు నిజంగా కావలసింది నంబరే. నంబర్లు మనుషులకు గుర్తుండవు గనక, వినాయకుడి కడుపులో ఒక పేర్ల ఫైలు ఉండేది. వరసకొక నంబరు, పక్కన పేరు. మనం పేరు కొడితే అది ఆ ఫైలు చూసుకుని నంబరుకు పోతుంది.

రోజూ పొద్దున్నే ఆవిడ వినాయకుడి ముందు కూర్చుని, ప్యాకింగు మిషనును పేరు పెట్టి పిలిచి, నిన్న ఎన్ని బస్తాలు పోయాయో రిపోర్టు తీయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. కోర్టు వరండాలో వేలమంది ఆడవాళ్ళ పేర్ల పక్కన వాళ్ళ మొగుళ్ళ పేర్లు టకటకా కొట్టిన చెయ్యి, తన మొగుడి పేరు దగ్గరికొచ్చేసరికి మొరాయించింది.

“నోటితో పలకకూడదంటే సరే అక్కా. టైపు కొట్టడానికేం?” అని తర్వాతెప్పుడో అడిగాను.

“నోటితో అన్నది గాల్లో పోద్ది. కొట్టింది కాయితం మీద ఉండిపోద్ది. రెండింట్లో ఏది పెద్ద తప్పో నువ్వే చెప్పు,” అంది. కోర్టులో పనిచేసినవాళ్ళతో వాదన పెట్టుకోకూడదని అప్పుడు తెలిసింది.

నేను చేరేనాటికి ఆవిడ ఏర్పాటు ఏమిటంటే, పొద్దున్నే జనరేటరు షెడ్డు వైపు తిరిగి, “తమ్ముడూ! ఇటొచ్చి ఆ నాలుగు ముక్కలు కొట్టిపో,” అని కేకేసేది. కరీం చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క వేలితో, నాలుక బయటపెట్టి, ఆ పేరు కొట్టి పోయేవాడు. ఆవిడ అంతసేపూ గోడ మీద క్యాలెండరు చూస్తుండేది. దరఖాస్తుల్లో, రేషను కార్డులో, ఫ్యాక్టరీ రికార్డులో, ఎక్కడ ‘భర్త పేరు’ అన్న గడి ఉన్నా అందులో ఉండేది కరీం చేతిరాతే.

మిగతా విషయాల్లో ఆయన్ని ఆవిడ దూరంగా ఏమీ పెట్టలేదు. ఏసీ గదిలో చలికి తట్టుకోలేక చీర మీద వాళ్ళాయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని కూర్చునేది. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల ఈవిడ మెడ దాకా గుండీలు పెట్టుకున్న గళ్ళ చొక్కాలో. వాళ్ళాయన ఒకటి రెండుసార్లు సైకిలు మీద వచ్చి, చొక్కా కోసం గేటు దగ్గర నిలబడటం నేను చూశాను. బక్కగా, నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. “మా ఇంట్లోవాళ్ళకు చొక్కా కావాలంట,” అని గుండీలు విప్పుతూ గొణిగేది.

టేబులు మీద చెక్క స్కేలు, ఎర్ర పెన్సిలు ఎప్పుడూ ఉండాలి. ఎంత లావు ఇంగ్లీషు మాన్యువలైనా సరే, స్కేలు అడ్డం పెట్టుకుని వరస వరసా చదివేది. మిషను ఏదైనా తప్పు చూపిస్తే బోనెక్కిన సాక్షిని అడిగినట్టు అడిగేది. “చెప్పు. నిన్న ఉన్నావా లేవా? ఉంటే ఎవరు చూశారు?” నేను నవ్వితే, “మిషను అబద్ధం చెప్పదు ఇంజినీరుగారూ. అడిగినదానికే చెప్తది. అడగటం మనకు రావాల,” అనేది.

నాకు అడగటం రాదని తేలింది నేను చేరిన మూడో నెలలో. ల్యాబులో పాత మిషను చెడిపోతే కొత్తది బిగించి, పేర్ల ఫైలులో అడుగున కొత్త నంబరుతో దుర్గ అని ఒక వరస చేర్చాను. మర్నాటి నుంచి దుర్గ అని కొడితే జవాబు లేదు. నేను చదువుకున్నవాణ్ణి గనక కేబులు తెగిందని తేల్చేశాను. కరీంను వెంటబెట్టుకుని, నిచ్చెన మోయించుకుని, ఎండలో రెండు రోజులు ఆ కేబులు పొడుగునా పాకాను. ఆవిడ అద్దాల్లోంచి చూస్తూ మజ్జిగ తాగుతుండేది. రెండో రోజు మధ్యాహ్నం మేమిద్దరం సిమెంటు దుమ్ముతో బూడిద గుమ్మడికాయల్లా లోపలికి వచ్చేసరికి చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి అడిగింది:

“నంబరు కొట్టి చూశారా ఇంజినీరుగారూ?”

“కేబులు తెగాక పేరు కొడితే ఏంటి, నంబరు కొడితే ఏంటి?”

“తెగితే గదా.”

నంబరు కొట్టింది. ల్యాబు మిషను ఖంగున పలికింది. కరీం గ్లాసు పట్టుకుని నేల మీద చతికిలపడ్డాడు. “యా అల్లా! రెండు రోజులు సార్!” అన్నాడు.

“ముందు మనిషి ఉన్నాడా లేదా చూడాల. ఆ తర్వాత పేరు పెట్టి పిలవాల,” అంటూ ఆవిడ నాచేత పేర్ల ఫైలు తెరిపించి, తెర మీద స్కేలు పెట్టి పైనుంచి దించుకుంటూ వచ్చింది. స్కేలు ఒకచోట ఆగింది. దుర్గ, పాత నంబరుతో. ఇంకా దించింది. అడుగున మళ్ళీ దుర్గ, నేను చేర్చిన కొత్త నంబరుతో. పాత వరస తీసెయ్యాలని నాకు తోచనే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

“మా అమ్మగారి ఊళ్ళో ఇద్దరు కోటేశ్వరరావులు,” అంది ఆవిడ, కుర్చీలో వెనక్కి వాలి. “సమన్లు తెచ్చే బంట్రోతు ఊళ్ళోకి రాంగానే మొదటి కోటేశ్వరరావు చేతిలో పెట్టి పోయేవాడు. రెండో ఆయన ఇల్లు ఊరి చివర. పాపం, ఆయన మీద కేసుందని ఆయనకు తెలిసేసరికి కేసు పోయింది. ఈ మిషనూ ఆ బంట్రోతు లాంటిదే. పైనుంచి చదువుకుంటా వస్తది, మొదట కనపడ్డ దుర్గ దగ్గర ఆగిపోద్ది. కింద ఇంకో దుర్గ ఉందా లేదా, దానికెందుకు?”

ఆ రోజు నుంచి నన్ను ఇంజినీరుగారూ అనడం మానేసి అబ్బాయా అనడం మొదలుపెట్టింది. పైవాళ్ళ ముందు మాత్రం మళ్ళీ ఇంజినీరుగారే.

పోయిన పరువు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి గదా. వానాకాలంలో ఒకరోజు కీబోర్డు చూస్తే ఏడెనిమిది మీటలు గ్రీజుతో నల్లగా ఉన్నాయి, మిగతావి తెల్లగా ఉన్నాయి. నల్లవాటిని కూడబలుక్కుంటే వాళ్ళాయన పేరు చదివేయొచ్చు. నాకు ఆ సంగతి పట్టలేదు, గ్రీజు ఒక్కటే పట్టింది. కరీంను పిలిచి, ఇకమీదట ఏసీ గదిలో కాలు పెడితే ఊరుకోనన్నాను. “అక్క పిలిస్తేనే వస్తున్నా సార్,” అన్నాడు. ఎందుకు పిలుస్తోందని నేను అడగలేదు. వారం తిరిగేసరికి ఆవిడ కరీంను పిలవడం మానేసింది, రిపోర్టులు మాత్రం టైముకు వస్తున్నాయి. నా క్రమశిక్షణకు నేనే మురిసిపోయాను.

ఆ వారంలో జరిగింది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీకు ఇప్పుడే చెబుతాను. ఆవిడ స్కేలు పెట్టుకుని మాన్యువలు చదివింది. పేర్ల ఫైలులో నంబరు పక్కన అసలు పేరు, దాని పక్కన కావాలంటే ఇంకో పేరు కూడా రాసుకోవచ్చని అందులో ఉంది. ఆవిడకది కొత్తేం కాదు. కోర్టు కాయితాల్లో ‘ఫలానా ఉరఫ్ ఫలానా’ అని ఎన్ని కొట్టలేదు! కొండమీదాయన పేరు చివర ఒక చిన్న ఉరఫ్ తగిలించింది. ఆ ఉరఫ్: ‘ఆయన’. ఇక రోజూ పొద్దున్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన అని కొట్టడం, రిపోర్టు తీసుకోవడం. ఎవరి సాయమూ అక్కర్లేదు.

అయితే ఆ ఫైలు మార్చాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి. మిషనుకు అది ఇంటి పెద్ద తాళంచెవి. నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఆవిడ దగ్గర ఉంది. ఎలా ఉందో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ చలికాలం హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. టెంపరరీ వాళ్ళకు పరీక్ష పెట్టి, పనికొచ్చేవాళ్ళను పర్మనెంటు చేస్తాడు, మిగతావాళ్ళను ఇంటికి పంపిస్తాడు. ఆ ఏడు వాళ్ళ మూడెకరాల పత్తీ పురుగు తినేసింది. ఇంటికి ఆవిడ ఉద్యోగమొక్కటే దిక్కు. ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, కరీం చెప్పాడు. నా ప్రొబేషను రిపోర్టు రాసేదీ ఆ ఆఫీసరే. నాకు ఎండాకాలంలోనే నరసరావుపేటలో సంబంధం ఖాయమై, నెలలో పెళ్ళి.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే అన్నీ శుభ్రంగా ఉండాలని నేను పేర్ల ఫైలు కూడా తెరిచాను. ఒక వరస చివర ‘ఆయన’ అని అర్థంపర్థం లేని ముక్క. ఎవడో వెనకటివాడు ఆడుకుని వదిలేశాడనుకుని చెరిపేశాను. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

పది గంటలకు ఆఫీసరు ఏసీ గదిలోకి వచ్చాడు. జీఎంగారు వెనక, గుమ్మంలో కరీం. గళ్ళ చొక్కా విప్పేసి, ఉతికిన చీరలో కూర్చుంది ఆవిడ.

“ప్యాకింగు నుంచి నిన్నటి రిపోర్టు తీయండమ్మా. అంతే పరీక్ష,” అన్నాడు ఆఫీసరు.

ఆవిడ రోజూ కొట్టే ఐదక్షరాలూ కొట్టింది. ఆ పేరుగలవాళ్ళెవరో నాకు తెలియదని మిషను ఇంగ్లీషులో ముఖం మీదే చెప్పింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. అప్పటికి నాకు అర్థమైంది, పొద్దున నేను చెరిపేసింది ఎవరి ముక్కో.

“ఇదేం పేరు? ఆ మిషను అసలు పేరు కొట్టండి,” అన్నాడు ఆఫీసరు.

“కొట్టనండి.”

“రాదా?”

“వచ్చండి. కొట్టను.”

గుమ్మంలోంచి కరీం అందుకున్నాడు. “సార్, అది వాళ్ళింటాయన పేరు సార్.”

“మిషనుకు వాళ్ళాయన పేరెందుకు పెట్టారు?”

“మిషనుకు జీఎంగారు పెట్టారు సార్. ఆయనకు అంతకు ముందే వాళ్ళ నాయన పెట్టాడు.”

జీఎంగారు దగ్గారు. ఆఫీసరు నవ్వలేదు. “నేను కొడతా సార్,” అని కరీం ఒకడుగు ముందుకేస్తే, “ఉద్యోగం నీకా, ఆమెకా?” అని ఆపేశాడు. వాచీ చూసుకున్నాడు. “మీ ఆచారం మీ ఇంట్లో పెట్టుకోండమ్మా. పది నిమిషాలు టైమిస్తున్నాను. రిపోర్టు రాకపోతే ఈ కుర్చీలో వేరేవాళ్ళను కూర్చోబెడతాం.”

ఆవిడ కంగారు పడలేదు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. మంచినీళ్ళు తాగింది. ఎర్ర పెన్సిలు చెక్కింది, పొట్టు ఒక కాయితంలోకి ఎత్తి బుట్టలో వేసి వచ్చింది. మధ్యలో ఒక్కసారి నా వైపు చూసింది. నేను క్యాలెండరు వైపు చూశాను. నిన్న సాయంత్రం దాకా ఉన్న పేరు పొద్దున్నకు లేదంటే తీసినవాడు నేనే అయ్యుండాలని ఆవిడకు తెలుసు. ఒక్క మాట అంటే నన్ను పట్టించేయొచ్చు. అనలేదు. నేను నోరు విప్పితే నా ప్రొబేషను, పెళ్ళి, మామగారి ముందు పరువు, అన్నీ గాల్లో లేస్తాయి. విప్పకపోతే ఆవిడ వీధిన పడుతుంది. చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, తొమ్మిది నిమిషాల పాటు ఈ లెక్కలు వేస్తూనే నిలబడ్డాను.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు.

“సార్, తప్పు నాది,” అన్నాను. “ఆవిడ వాడే పేరు ఫైలులో ఉంది సార్. పొద్దున నేనే చెరిపేశాను. కనీసం ఎవరిదని కూడా అడగలేదు.”

ఆఫీసరు నా వైపు తిరిగేలోపల ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. అంకెల మధ్య చుక్కలతో సహా ప్యాకింగు మిషను నంబరు, ఎక్కడా చూడకుండా, టకటకా కొట్టేసింది. ప్రింటరు గీకడం మొదలుపెట్టింది. చించి ఆఫీసరు చేతికిచ్చింది.

“మిషను బాగానే ఉందండి. కేబులూ బాగానే ఉంది. పేరు ఒక్కటే పోయింది. నంబరు తెలిస్తే పేరుతో పనేముందండి?”

ఆఫీసరు రిపోర్టు చూశాడు, ఆవిణ్ణి చూశాడు. “ఈ నంబరు నోటికి వచ్చా?”

“మూడు మిషన్లవీ వచ్చండి.”

“బాగుంది. మరి ఆ ఫైలులో పేరు చేర్చిందెవరు? రూట్ పాస్‌వర్డ్ ఉండాలే.”

“నేనేనండి.”

“పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదండి. ఇంజినీరుగారు కొట్టేటప్పుడు పెదాలు కదుపుతారు.”

కరీం గుమ్మంలోంచి మాయమయ్యాడు. బయట అతని నవ్వు వినబడుతోంది. ఆఫీసరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“ఏంటయ్యా ఆ పాస్‌వర్డ్?”

“పేరు సార్.”

“ఎవరి పేరు?”

“నాకు... కాబోయే ఆవిడ పేరు సార్.”

“ఏం పేరు?”

జీఎంగారి ముందు, ఆఫీసరు ముందు, ఆ పిల్ల పేరు పైకి అనడానికి నాకు నాలుక తిరగలేదు. నిలువునా ఎర్రబడి నేల చూపులు చూశాను.

“పోనీయండి సార్,” అంది ఆవిడ, చాలా మర్యాదగా. “ఎవరి మొహమాటం వాళ్ళది.”

ఈసారి ఆఫీసరు నవ్వాడు. నవ్వుతూనే నాకొక మెమో రాయించాడు. పాస్‌వర్డ్ కాపాడుకోలేకపోయినందుకు ఒకటి, అడగకుండా ఫైలు మార్చినందుకు రెండు. ప్రొబేషను ఇంకో ఆర్నెల్లు పొడిగింపు. ఆవిడ కాయితం మీద మాత్రం అక్కడికక్కడే సంతకం పెట్టాడు. పేర్ల ఫైలు ఇకనుంచి ఆవిడ చేతికింద ఉంటుందనీ, నేను దాన్ని ముట్టుకోవాలంటే ఆవిడకు రాసివ్వాలనీ అడుగున ఒక వాక్యం చేర్చాడు.

అందరూ భోజనాలకు పోయాక నేను ఆవిడ టేబులు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆ కాయితాన్ని స్కేలు పెట్టుకుని వరస వరసా చదువుకుంటోంది.

“అక్కా, నంబరు మీకు మొదట్నించీ నోటికొచ్చు గదా.”

“వచ్చు.”

“మొదటే కొట్టేస్తే అయిపోయేది గదా. పది నిమిషాలూ ఎందుకాగారు?”

“నువ్వు నోరు తెరుస్తావేమోనని చూశా.”

“తెరవకపోతే?”

“సంచీ తీసుకుని ఇంటికి పోయేదాన్ని,” అంది, కాయితం మీదనుంచి తల ఎత్తకుండానే. “పర్మనెంటంటే రిటైరయ్యేదాకా నీ పక్క కుర్చీనే గదా అబ్బాయా. పక్కన ఎట్టాంటోడు కూర్చున్నాడో తెలవకుండా ఈ కాయితం ఎట్టా తీసుకునేది?”